ట్రాక్టర్ క్లచ్ ప్లేటు

మా హాస్టల్ రూములో గోడ మీద ఒక పసుపు రంగు లంబోర్గిని పోస్టర్ ఉంది. మేం అతికించింది కాదు, సీనియర్లు వదిలేసి పోయారు. రెండేళ్లుగా రోజూ దాన్ని చూస్తూనే నిద్ర లేస్తున్నాను. ఆ కారు హార్స్ పవర్ ఎంత, నూరు కిలోమీటర్ల స్పీడు ఎన్ని సెకన్లలో అందుకుంటుంది అని అడిగితే మా రూములో నలుగురం టకటకా చెప్పేస్తాం. ఆ పేరు గల మనిషి కథ కూడా రీల్స్‌లో అందరం చూసిందే. ట్రాక్టర్లు చేసే ఒకాయన ఫెరారీ దగ్గరికి పోయి కారు బాగాలేదని చెప్పాడు, ఫెరారీ అవమానించాడు, ఈయన పంతం పట్టి సొంత కార్ల కంపెనీ పెట్టాడు. ముప్పై సెకన్లలో అయిపోతుంది.

ఆ ముప్పై సెకన్లలో ఒక ముఖ్యమైన వస్తువు కనిపించదు. అది క్లచ్ ప్లేటు. గొడవంతా దాని గురించే. పోయిన జూన్‌లో మా నాయన ట్రాక్టర్ పుణ్యమా అని మొదటిసారి ఒక క్లచ్ ప్లేటును చేత్తో పట్టుకుని చూశాను. అప్పటి నుంచి ఆ రీల్ నాకు వేరేగా అర్థమవుతోంది. అందుకే ఈసారి మన మ్యాగజైన్‌కి ఫెరూచియో లంబోర్గిని జీవితం రాస్తున్నా. నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియమే. తెలుగులో తప్పులుంటే సర్దుకోండి.

ఫెరూచియో 1916 ఏప్రిల్ 28న ఉత్తర ఇటలీలో, చెంతో అనే టౌను పక్కనున్న రెనాట్సో అనే పల్లెలో పుట్టాడు. అమ్మానాన్నలు ద్రాక్ష తోటల రైతులు. పిల్లోడికి మాత్రం తోట మీద కంటే తోటలో వాడే మిషన్ల మీదే ధ్యాస. బొలోన్యా నగరం దగ్గర టెక్నికల్ చదువు చదివాడు. 1940లో యుద్ధం వచ్చి ఇటలీ వైమానిక దళంలోకి తీసుకున్నారు. విమానం నడపడానికి కాదు, రోడ్స్ అనే దీవిలో మిలిటరీ బండ్లు రిపేరు చేసే షెడ్డుకి. సముద్రం మధ్యలో దీవి, చుట్టూ యుద్ధం. అక్కడ స్పేర్ పార్టు కావాలంటే కొట్టుకు పోయి కొనుక్కొచ్చేది కాదు. ఉన్నదాన్ని విప్పి, ఎందుకు పోయిందో కనుక్కుని, చేతిలో ఉన్నదాంతోనే నడిపించాలి. ఆయన అసలు ఇంజనీరింగ్ కాలేజీ అదే అని నాకనిపిస్తుంది. యుద్ధం చివర్లో ఆ దీవి బ్రిటిష్ వాళ్ల చేతికి పోతే ఈయన ఖైదీ అయ్యాడు. ఇంటికి వచ్చేసరికి 1946.

ఆ మరుసటి ఏడే ఇంకో దెబ్బ. భార్య క్లేలియా కొడుకును కని చనిపోయింది. ఆ కొడుకు పేరు తోనీనో. చంటిబిడ్డ తండ్రిగా, చిన్న గ్యారేజీ ఓనరుగా మిగిలాడు ఫెరూచియో. వయసు 31.

మనసులో రేసుల పిచ్చి ఒకటి ఉండేది. ఫియట్ వాళ్ల తోపొలినో అనే బుల్లి కారు ఇంజన్‌ని తనే మార్చి 750 సీసీకి పెంచాడు. 1948లో దాన్ని వేసుకుని మిల్లే మిల్యా అనే ఇటలీ రోడ్ల రేసుకు పోయాడు. దాదాపు 1100 కిలోమీటర్లు బాగానే నడిపాడు. ఆ తర్వాత టూరిన్ దగ్గర ఫియానో అనే ఊళ్లో కారు నేరుగా ఒక హోటల్ గోడకు గుద్దుకుంది. రేసు అక్కడే అయిపోయింది, రేసుల మీద ఆశ కూడా. తర్వాత సొంత కార్ల కంపెనీ పెట్టినప్పుడు కూడా ఆయన దాన్ని రేసుల్లోకి దించలేదు.

కడుపు నింపింది వేరే పని. యుద్ధం అయిపోయాక ఇటలీ రైతులకు ట్రాక్టర్లు కావాలి, కొనడానికి డబ్బుల్లేవు. ఇంకోపక్క మిలిటరీ వాళ్లు వదిలేసిన లారీలు, ఇంజన్లు, గేర్ బాక్సులు గుట్టలుగా పడున్నాయి. ఫెరూచియో ఈ రెండింటినీ కలిపాడు. తుక్కులో మోరిస్ ఇంజన్లు ఏరి తెచ్చి ట్రాక్టర్లు కట్టాడు. పెట్రోలు ఖరీదెక్కువ కాబట్టి, ఇంజన్ పెట్రోలుతో స్టార్ట్ అయ్యి ఆ తర్వాత చవకైన డీజిలు మీద నడిచే ఏర్పాటు ఒకటి సొంతంగా తయారుచేశాడు. అదే 1948లో ట్రాక్టర్ల కంపెనీ మొదలైంది. పదేళ్లు తిరిగేసరికి ఇటలీలో పేరున్న ట్రాక్టర్ల తయారీదారుల్లో ఒకడయ్యాడు. తర్వాత ఇళ్లకు వేడి, చల్లదనం ఇచ్చే మిషన్ల వ్యాపారం కూడా పెట్టాడు. డబ్బు వచ్చింది. డబ్బుతోపాటు మంచి కార్లు కూడా ఇంటికి వచ్చాయి. 1958లో మరనెల్లోకి పోయి ఫెరారీ 250 జీటీ కొన్నాడు. ఆ తర్వాత ఇంకొన్ని ఫెరారీలు కూడా.

ఆ కార్లు ఆయనకు నచ్చాయి. కానీ క్లచ్ నిలవలేదు. స్లిప్ అవుతోందని మరనెల్లోకి తీసుకుపోతాడు. వాళ్లు కారును లోపలికి తీసుకుపోయి, గంటల తర్వాత బాగుచేశామని ఇస్తారు. చూస్తానంటే రానివ్వరు. కొన్నాళ్లకు మళ్లీ స్లిప్. మళ్లీ మరనెల్లో.

క్లచ్ స్లిప్ అంటే ఏమిటో నాకు పోయిన జూన్ దాకా తెలియదు. కాబట్టి ఇక్కడ ఇటలీని కాసేపు ఆపి బంగారుపాళ్యం వైపు వస్తాను. మా ఊరు ఆ పక్కనే. జూన్, జులై వస్తే చిత్తూరు జిల్లాలో తోతాపురి కోతలు. పల్ప్ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు వరసగా నిలబడతాయి. సెలవులకు ఇంటికి పోయిన నేను నాయనతోపాటు లోడు మీద కూర్చుని బయల్దేరాను. ఫ్యాక్టరీకి ముందు ఒక మిట్ట ఉంది. దాని మీద సగం దూరంలో ఇంజన్ మోత ఒక్కసారిగా పెరిగింది. బండి మాత్రం ముందుకు పోవడంలేదు. నాయన యాక్సిలరేటర్ ఇస్తే మోత పెరుగుతుంది, చక్రం మాత్రం అంతే. ముక్కులు అదిరే కాలిన వాసన. వెనకున్న బండ్లన్నీ హారన్లు. చివరికి వెనకాయన ట్రాక్టరుతో లాగించుకుని పక్కన పెట్టాం. లోడు ఇంకో బండికి మార్చుకున్నాం. బాడుగ మాదే. కోసిన కాయ ఆగదు కదా.

నాయన మొహం చూస్తే నాకు భయమేసింది. ఎందుకంటే పోయిన ఏడు ఇదే సీజన్‌కు ముందే టౌనులో ఒక షెడ్డులో కొత్త క్లచ్ ప్లేటు వేయించాడు. ఏడాది తిరక్కముందే మళ్లీ అదే.

అసలు క్లచ్ చేసే పని తేలికైనదే. ఇంజన్ చివర ఫ్లైవీల్ అనే బరువైన చక్రం తిరుగుతుంటుంది. గేర్ బాక్స్ షాఫ్ట్ మీద క్లచ్ ప్లేటు ఉంటుంది, దాని రెండు వైపులా గరుకు లైనింగ్. వెనక నుంచి ప్రెషర్ ప్లేటు స్ప్రింగుల బలంతో ఈ ప్లేటును ఫ్లైవీల్‌కు అదిమి పెడుతుంది. ఆ రాపిడే ఇంజన్ బలాన్ని చక్రాలకు పంపేది. పెడల్ తొక్కితే రిలీజ్ బేరింగ్ పోయి ఆ స్ప్రింగులను నొక్కుతుంది, పట్టు వదులుతుంది. ఇంజన్ ఇచ్చే బలం కంటే ఆ పట్టు తక్కువైతే ప్లేటు జారుతుంది. దాన్నే స్లిప్ అంటారు. జారితే వేడి పుడుతుంది. మితిమీరి వేడెక్కితే లైనింగ్ పట్టు ఇంకా తగ్గుతుంది, ఇంకా జారుతుంది. మన భాషలో చెప్పాలంటే బ్రేక్ కండిషన్ లేని లూప్.

మా ఊరి దగ్గర షెడ్డులో మెకానిక్ మామ వెంటనే బండి విప్పుతాడనుకున్నా. విప్పలేదు. ముందు పెడల్‌ని చేత్తో నొక్కి ఎంత లూజు ఉందో చూశాడు. లూజు అసలు లేకపోతే బేరింగ్ ఎప్పుడూ స్ప్రింగులను కొంచెం నొక్కుతూనే ఉంటుందట, ప్లేటు బాగున్నా స్లిప్ అవుతుందట. అది సరిగ్గానే ఉంది. హాఫ్ క్లచ్‌లో కాలు పెట్టి నడిపే అలవాటుందా అని నాయనను అడిగాడు. తర్వాత రెండు బ్రేకులూ లాక్ చేసి, టాప్ గేరు వేసి, ఇంజన్ కొంచెం రైజ్ చేసి క్లచ్ మెల్లగా వదిలాడు. క్లచ్ బాగుంటే ఇంజన్ ఆగిపోవాలి. ఆగలేదు, తిరుగుతూనే ఉంది. స్లిప్ అని అప్పుడు ఖాయం చేశాడు. ఈ టెస్టు కారుకైనా ఇంతే అని, ఊరికే చేస్తూ కూర్చుంటే ఉన్న ప్లేటు కూడా కాలిపోతుందని, ఒక్కసారి చాలని చెప్పాడు.

అంతటితో ఆగి ఉంటే ఇంకో కొత్త ప్లేటు వేసి పంపేసేవాడు. కానీ ఆయన ఇంకో ప్రశ్న వేశాడు. పోయిన ఏడు వేసిన ప్లేటు ఇంత తొందరగా ఎందుకు పోయింది?

సరిగ్గా ఈ ప్రశ్నే ఫెరూచియో కూడా వేసుకున్నాడు. మరనెల్లో వాళ్లు ప్రతిసారీ క్లచ్ బాగుచేసి ఇస్తున్నారు. బాగుచేసినది మళ్లీ మళ్లీ పోతుంటే, తప్పు అరిగిపోయిన ప్లేటుది కాకపోవచ్చు. చివరికి కారును తన ట్రాక్టర్ ఫ్యాక్టరీకే తీసుకుపోయి, తన మెకానిక్‌తో విప్పించాడు. లోపల కనిపించింది ఆయనకు బాగా తెలిసిన వస్తువు. తర్వాతి కాలంలో ఆయన చెప్పుకున్న ప్రకారం, అది తన ట్రాక్టర్లకు తను కొనే రకం క్లచ్చే. ధర మాత్రం ఫెరారీ పేరు మీద ఎన్నో రెట్లు ఎక్కువ. ట్రాక్టర్లు చేసేవాడు కాకపోయుంటే ఆ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు. వేరే ధనవంతులకూ క్లచ్ స్లిప్ అయ్యే ఉంటుంది. వాళ్లు బిల్లు కట్టి ఇంటికి పోయుంటారు.

ఆయన చేసిన రిపేరు కూడా చూడండి. అదే సైజు కొత్తది వేయలేదు. అంతకంటే పెద్ద క్లచ్ వేశాడు. ఎందుకో ఫస్టియర్ మెకానిక్స్‌తోనే చెప్పొచ్చు. ఒక ప్లేటు మోయగలిగే టార్క్ అంటే లైనింగ్ రాపిడి గుణకం, అదిమే బలం, సగటు వ్యాసార్థం, వీటి లబ్ధానికి రెట్టింపు. రెట్టింపు ఎందుకంటే రెండు వైపులా రాపిడి ఉంది కాబట్టి. అదే లైనింగ్, అదే స్ప్రింగులు ఉంచి వ్యాసార్థం 20 శాతం పెంచితే మోసే టార్క్ కూడా 20 శాతం పెరుగుతుంది. పైగా వేడిని పంచుకోవడానికి ఎక్కువ జాగా. అంటే ఆయన పార్టు మార్చలేదు, లెక్క మార్చాడు. స్లిప్ ఆగింది.

ఆ తర్వాత ఆయన ఎంజో ఫెరారీ దగ్గరికి పోయి ఈ విషయం చెప్పాడనీ, ట్రాక్టర్లు నడుపుకునేవాడికి ఫెరారీ సంగతి ఏం తెలుసని ఆయన కొట్టిపారేశాడనీ కథ. ఇది ఫెరూచియో వైపు నుంచి వచ్చిన కథ. అన్ని మాటలూ అలాగే జరిగాయని అందరూ ఒప్పుకోరు. నాకు ఆ మాటలకంటే ముందు జరిగినదే పెద్దదిగా కనిపిస్తుంది. అవమానం జరిగినా జరక్కపోయినా, విప్పి చూసినవాడు ఆయనే.

మా ట్రాక్టర్ విప్పడం నేను ఊహించినట్టు లేదు. కారుకైతే గేర్ బాక్స్ దించుతారు. ట్రాక్టర్‌కు వేరే ఛాసిస్ ఉండదు, ఇంజనూ గేర్ బాక్సే దాని వెన్నెముక. కాబట్టి క్లచ్ దాకా పోవాలంటే బండిని నడిమికి రెండుగా విడదీయాలి. ముందు సగానికి ఒకపక్క, వెనక సగానికి ఒకపక్క జాకీలు, చెక్క దుంగలు పెట్టి, బోల్టులన్నీ ఊడదీసి, వెనక సగాన్ని మెల్లగా వెనక్కి తోశారు. నాయన ఇరవై ఏళ్లుగా నడిపే బండి రెండు ముక్కలై నిలబడింది. ఆయన కాసేపు అటు చూడలేకపోయాడు.

ప్లేటు బయటికి తీసి మామ నా చేతికిచ్చాడు. లైనింగ్ రివిట్ల దాకా అరిగిపోయింది. కానీ అంచున నల్లగా జిడ్డు. ఫ్లైవీల్ మీద అక్కడక్కడా నీలం మచ్చలు, అవి వేడికి వచ్చేవి. మామ ఇంజన్ వెనక ఆయిల్ సీల్ దగ్గర వేలు పెట్టి చూపించాడు. తడి. కొద్దికొద్దిగా ఆయిల్ కారి ప్లేటు మీద పడుతోంది. పోయిన ఏడు ప్లేటు మార్చిన వాళ్లు ఆ సీల్ చూడలేదు. రెండు మూడొందల రూపాయల సీల్ వదిలేసినందుకు వేల రూపాయల ప్లేటు, ఒక రోజు బాడుగ, మిట్ట మీద అందరి ముందు నిలబడ్డం. ఈసారి సీల్ మార్చి, ఫ్లైవీల్‌ని లేతుకు పంపి చదును చేయించి, ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ ఒకేసారి వేశారు. ప్లేటు సరిగ్గా మధ్యలో కూర్చోవడానికి పాత షాఫ్ట్ ముక్క ఒకటి దూర్చి పెట్టి, బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించారు. లైనింగ్ మీద జిడ్డు చెయ్యి పడనీయకు అని నన్ను రెండుసార్లు తిట్టాడు. బిగించాక మొదటి కొన్ని రోజులు పెద్ద లోడు వద్దన్నాడు.

అక్కడ ఫెరూచియోకి మాత్రం పని క్లచ్‌తో ఆగలేదు. ఇంత ఖరీదైన కారులో ఇలాంటి తప్పు ఉందంటే, సరిగ్గా చేసి చూపించవచ్చు అనుకున్నాడు. 1963లో బొలోన్యా దగ్గర సాంత్ అగాతా అనే ఊళ్లో కార్ల ఫ్యాక్టరీ పెట్టాడు. ఇంజన్ డిజైన్‌కు ఒకప్పుడు ఫెరారీలోనే పనిచేసిన బిజ్జరీనిని పిలిచాడు. ఆయన 12 సిలిండర్ల 3.5 లీటర్ల ఇంజన్ గీశాడు. ఆ అక్టోబరులో టూరిన్ మోటార్ షోలో మొదటి కారు పెట్టేటప్పటికి ఇంజన్ బాడీలో పట్టలేదు. బరువుకు లోపల పలకలు పేర్చి బానెట్ మూసేసి చూపించారు. ప్రాజెక్ట్ డెమో రోజు మనం చేసే పనులు గుర్తొస్తున్నాయి కదా. 1964లో అసలైన 350 జీటీ అమ్మకానికి వచ్చింది. 1966లో మియూరా వచ్చింది. దల్లారా, స్తాంజానీ, బాబ్ వాలెస్ అనే కుర్ర ఇంజనీర్లు డ్యూటీ అయ్యాక రాత్రులు కూర్చుని మొదలుపెట్టిన పని అది. ఇంజన్‌ని డ్రైవర్ వెనక అడ్డంగా పెట్టారు. ఓనరు వాళ్లను ఆపలేదు. ఆ పేరు స్పెయిన్‌లో పోట్లాట ఎద్దులు పెంచే మియూరా కుటుంబానిది. కంపెనీ గుర్తు కూడా ఎద్దే, ఆయనది వృషభ రాశి కాబట్టి.

రీల్ ఇక్కడ ఆగుతుంది. జీవితం ఆగలేదు. 1970ల మొదట్లో బొలీవియా దేశంలో ప్రభుత్వం మారి, వాళ్లు ఇచ్చిన పెద్ద ట్రాక్టర్ల ఆర్డరు రద్దయింది. తయారుచేసిన సరుకు మిగిలిపోయింది. ట్రాక్టర్ కంపెనీ సామే అనే వేరే ఇటలీ కంపెనీ చేతికి పోయింది. కార్ల కంపెనీలో 51 శాతం 1972లో అమ్మేశాడు, మిగతా 49 శాతం 1974లో. 58 ఏళ్లకు కార్లకు దండం పెట్టి త్రసిమేనో సరస్సు దగ్గర పొలం చేసుకున్నాడు. ద్రాక్ష తోట వేసి వైన్ తయారుచేశాడు. ద్రాక్ష రైతు కొడుకు మళ్లీ ద్రాక్ష దగ్గరికే వచ్చాడు. 1993 ఫిబ్రవరి 20న, 76 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఆయన పేరుతో కార్లూ వస్తున్నాయి, ట్రాక్టర్లూ వస్తున్నాయి, వేరే వేరే ఓనర్ల కింద.

ఇదంతా చదివాక నాకు ఒక పాత విషయం గుర్తొచ్చి సిగ్గేసింది. స్కూల్లో ఉన్నప్పుడు నాయన ఒకసారి నన్ను దింపడానికి ట్రాక్టర్ మీద వచ్చాడు. గేటుకు చాలా ముందే ఆపమని చెప్పి దిగి నడిచి పోయాను. ఇంజనీరింగ్ అడ్మిషన్ ఫారంలో తండ్రి వృత్తి దగ్గర బిజినెస్ అని రాశాను. గోడ మీద పోస్టర్‌కు దండం పెడుతూ, ఆ పోస్టర్ ఎక్కడి నుంచి పుట్టిందో ఆ బండిని స్కూల్ గేటు దగ్గరికి రానివ్వలేదు నేను. ఈ ఏడు స్కాలర్‌షిప్ ఫారంలో రైతు అని రాశాను. చిన్న పనే. కానీ రాసేటప్పుడు చెయ్యి ఆగలేదు.

పోయిన వారం ఫోన్లో నాయనకు ఫెరూచియో కథంతా చెప్పాను. ద్రాక్ష తోట, దీవి, తుక్కు ఇంజన్లు, ఫెరారీ, పెద్ద క్లచ్, మియూరా, అన్నీ. ఆయన మధ్యలో అడ్డు చెప్పకుండా విన్నాడు. అంతా అయ్యాక ఒక్కటే అడిగాడు, ఆ కారుకు వెనక ఆయిల్ సీల్ చూసినారా అని. ఇంతమంది ఆ రీల్ చూశాం, ఆ ప్రశ్న మాలో ఒక్కరికీ రాలేదు.